చంద్రమ్మ డబ్బాలో పప్పుచారు

కోకాపేటలో ఒక ఆఫీసు పదిహేడో అంతస్తులో ఉన్న చేప, చంద్రమ్మ వస్తుంటే లేచి నిలబడి దండం పెడుతుంది. సరే, దండం పెట్టదు. నిలబడటం కూడా కొంచెం ఎక్కువే. మూతి అద్దానికి ఆనించి తోక ఊపుతుంది, అది మాత్రం ఒట్టు.

చంద్రమ్మది పుప్పాలగూడ. ఆ ఆఫీసులో ఊడ్చి తుడిచే పని. ఆమె తుడిచిన నేలలో మొహం చూసుకొని తల దువ్వుకోవచ్చు. ఆ శుభ్రమే ఒకసారి కొంప ముంచింది. మొన్న వేసవిలో, చేపల తొట్టిలోని ఫిల్టర్ స్పాంజి మట్టిరంగుకు తిరిగిందని నల్లా కింద పెట్టి మల్లెపువ్వులా ఉతికింది. తొట్టిలో నీళ్లన్నీ మార్చేసింది. మూడో రోజుకు ఎనిమిది చేపల్లో ఏడు వెల్లకిలా తేలాయి. ఎండకు చచ్చాయని అందరూ అనుకున్నారు. చంద్రమ్మ కూడా అవునంది.

తొట్టిలో పెంచే చేపలమ్మే యాదయ్య చెబితే గానీ ఆమెకు అసలు సంగతి తెలియలేదు.

"స్పాంజిల కంటికి కానరాని మంచి పురుగులుంటయక్కా. చేపల పెంట విషం గాకుండ గవే తింటయి. నల్లా నీళ్లల పురుగులను సంపే మందుంటది. దాంతోని అన్నిటిని సంపినవ్."

ఆనాటి నుంచి, ఆ మందు ఎగిరిపోవాలని ముందురోజే బకెట్లలో నీళ్లు పట్టి ఉంచేది. వారానికి పావు వంతు మాత్రమే మార్చేది. స్పాంజిని తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే ఒకసారి పిండి, తిరిగి పెట్టేసేది. మిగిలిన ఒక్క చేపకు పింకీ అని పేరు పెట్టుకుంది.

అంతలో విదేశీ క్లయింట్లు వచ్చే రోజు రానే వచ్చింది. కొత్త మేనేజర్ చైతన్య పొద్దున్నే తొట్టి దగ్గర ఆగాడు. భీమవరం వైపు మనిషి, మాట మెత్తన.

"చంద్రమ్మగారూ, ఆ స్పాంజి చూడలేకపోతున్నామండి. పడేసి తెల్లది పెట్టండి."

అది తీస్తే పింకీ చస్తుంది. ఆ మాట చెబితే ఆ ఏడింటి సంగతీ చెప్పాలి. చంద్రమ్మ సరే సార్ అని తెల్ల స్పాంజి పెట్టింది. అన్నం కవర్లోకి మార్చుకొని, క్లయింట్లు వెళ్లగానే మళ్లీ పెట్టొచ్చని పాతదాన్ని తొట్టి నీళ్లతో సహా తన అన్నం డబ్బాలో దాచింది.

మధ్యాహ్నం, ఆ హడావిడిలో తిండి దొరకని చైతన్య ప్యాంట్రీలోకి వచ్చాడు.

"డబ్బాలో ఏంటండి?"

"పప్పుచారు సార్."

"అబ్బ! కాస్త పోయండి, ఆకలి చంపేస్తోంది."

"పులిసింది సార్."

"పులుపైతే మరీ ఇష్టమండి."

గ్లాసు ముందుకొచ్చింది. చంద్రమ్మ డబ్బాను గుండెకు హత్తుకుంది.

"వద్దు సార్! గిది పింకీ పానం."

ఇక ఏడుపు ఆగలేదు. ఏడు చేపల కథా బయటికొచ్చింది.

చైతన్య డబ్బా మూత తీసి చూశాడు.

"మాకు చేపల చెరువుండేదండి. నీళ్లు పాడైన రోజు మా నాన్న అన్నం ముట్టేవారు కాదు."

చొక్కా చేతులు మడిచి, క్లయింట్లు చూస్తుండగానే, ఆ మట్టిరంగు స్పాంజిని తానే తీసుకెళ్లి తెల్లదాని పక్కన పెట్టాడు. పింకీ మూతి అద్దానికి ఆనించింది.

ఈ సంగతి ఎత్తితే చంద్రమ్మ చీపురెత్తుతుంది.

"ఎవడు చెప్పిండు గీ కత? ఏడు చేపలేంది, నేను ఏడ్సుడేంది? అది పప్పుచారే. సారు రెండు గ్లాసులు తాగిండు."