ఒటీలీ చెరిపిన ముఖం

1945 ఫిబ్రవరిలో పోలీసు అధికారి డ్రోసెల్ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి, ఒటీలీ హెల్విగ్ కిటికీ దగ్గర కూర్చుని చనిపోయిన సైనికుడొకరి ఫొటోకు మెరుగులు దిద్దుతోంది. ఆ చలికాలమంతా ఆమెకు అదే పని. యాభై రెండేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. జర్మనీలో వెర్రా నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో తండ్రి వదిలివెళ్లిన స్టూడియోను ఇరవై ఏళ్లుగా ఒక్కతే నడుపుతోంది. ఊళ్లో ఎవరి ముక్కు ఏ వైపు వంకరో ఆమెకు తెలిసినంతగా కన్నతల్లులకు కూడా తెలియదు.

డ్రోసెల్ టోపీ తీయలేదు. అతను జిల్లా కేంద్రం నుంచి వచ్చాడు.

"రెండేళ్ల కిందట, క్రిస్మస్ ముందు, ఇక్కడి సత్రంలో సైన్యం సిగ్నల్స్ దళం విందు చేసుకుంది. ఫొటో తీసింది నువ్వేగా?"

"నేనేనండి."

"దాని నెగెటివ్ ప్లేటు తియ్."

దొరకలేదని చెప్పే వీలు లేదు. పెట్టెల మీద తేదీలన్నీ ఆమే రాసి పెట్టింది. డ్రోసెల్ గాజు ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టాడు. తూర్పు రంగానికి బయలుదేరబోతున్న పద్నాలుగు మంది సైనికులు, వాళ్ల పక్కన తల్లులు, భార్యలు, ప్రియురాళ్లు. వెనక క్రిస్మస్ చెట్టుకు రాగితీగ ముక్కలు చుట్టి ఉన్నాయి. ఒకడు తన వైర్‌లెస్ సెట్టు హెడ్‌ఫోన్లు వాళ్లమ్మ తలకు తగిలించాడు. ఆమె పగలబడి నవ్వుతోంది. నెగెటివ్ కనుక ముఖాలన్నీ నల్లగా ఉన్నాయి.

"ఈ చివర ఉన్నవాడు గెర్విన్. వైర్‌లెస్ పని వాడిది. పది రోజుల కిందట ఆస్పత్రి రైలు దిగి, సైన్యానికి దొరక్కుండా పారిపోయాడు. వాడి భుజం మీద చెయ్యేసింది, అదెవత్తె?"

"తెలియదండి. ఆ రోజు బయటూళ్ల నుంచి చాలామంది వచ్చారు."

"మా ల్యాబు బాంబుల్లో పోయింది. దాని ముఖం నువ్వే పెద్దది చేసివ్వు. ఊరూరా అంటిస్తాం. వాణ్ణి దాచిందని తేలితే వాడితో పాటే గోడకు నిలబెట్టి కాల్చేస్తారు." వాచీ చూసుకున్నాడు. "స్టేషన్లో పనుంది. సత్రంలో తిని నాలుగింటికొస్తా."

ఆ అమ్మాయి ఎవరో ఒటీలీకి తెలియకపోవడమేమిటి! రెండు వీధుల అవతల దర్జీ దుకాణంలో కుట్టుపని చేసే లీస్బెత్. వెళ్లి చెబుదామని కోటు వేసుకుని, మళ్లీ ఆగింది. తన వెనక ఎవరైనా వస్తే, చేతులారా దారి చూపించినట్టే. అంతలో ఇంకొకటి తట్టింది. ఆ ఫొటో ప్రతి ఒకటి సత్రం గోడకు వేలాడుతోంది. డ్రోసెల్ భోజనం చేయబోయేది అక్కడే. ప్లేటు మీద ముఖం మార్చి ఇచ్చినా, అసలు ముఖం అక్కడ దొరికిపోతుంది.

ఒటీలీ వెళ్లేసరికి సత్రం నడిపే వాల్బుర్గ టర్నిప్ దుంపలు ముక్కలు కోస్తోంది. ఆమె కొడుకు ఆల్బిన్ కూడా ఆ ఫొటోలో ఉన్నాడు. ఆ మరుసటి వేసవిలోనే తూర్పున చనిపోయాడు.

"అక్కా, ఆ ఫొటో ఇవ్వు."

"ఏది, మా వాడిదా? నీకేమన్నా పిచ్చా?"

"ఎందుకని అడక్కు. ప్లేటు నా దగ్గరుంది. నీ బిడ్డను ఒక్కణ్ణే పెద్దగా చేసిస్తాను."

"మా వాడి ఆఖరి ఫొటో అది. పొద్దున్నే లేచి ముందు దాన్నే చూస్తాను. ఇచ్చేదే లేదు."

ఒటీలీ కిటికీ వైపు చూసింది. స్టేషన్ ముందు పోలీసుల నల్లకారు ఆగి ఉంది. వాల్బుర్గ కూడా చూసింది. చేతులు తుడుచుకుంది.

"ఎవరి కోసం?" అని, వెంటనే, "వద్దులే, చెప్పకు" అంది.

ఫ్రేము విప్పి, కత్తెరతో కొడుకు ఉన్న మేరకు కత్తిరించి రవికెలో దోపుకుంది. మిగిలినది పొయ్యిలో వేసింది. గోడ మీద తెల్లగా మిగిలిన చోట క్యాలెండరు తగిలిస్తుండగానే, బూట్లకు అంటిన మంచు విదిలించుకుంటూ డ్రోసెల్ లోపలికి వచ్చాడు.

"నువ్విక్కడున్నావేం? పనెవరు చేస్తారు?"

ఒటీలీ పొయ్యికి అడ్డంగా జరిగింది.

"పనిచేసేవాళ్లకు ఆకలెయ్యదా సార్?" అంది వాల్బుర్గ. "కూర్చోండి. టర్నిప్ సూపే ఉంది, పేరు పెట్టకుండా తాగాలి. ఒటీలీ, నీ సూపు పట్టుకెళ్లు, గిన్నె సాయంత్రం తెచ్చివ్వు."

స్టూడియోకు వచ్చి ఒటీలీ ప్లేటును బల్ల మీద పెట్టుకుంది. మెరుగులు దిద్దడమంటే ఇన్నాళ్లూ మనుషుల్ని కాస్త అందంగా చూపడమే. బుగ్గ కింది నీడను పెన్సిలుతో పూడ్చి లీస్బెత్ ముఖం ఉబ్బించింది. ప్లేటు మీద గీకిన చోటు ఫొటోలో నల్లగా పడుతుంది కనుక, కత్తి మొనతో గీకి కనుబొమలు దట్టం చేసింది, గడ్డం మీద పుట్టుమచ్చ పెట్టింది. కత్తి ఒక్క వెంట్రుకవాసి జారినా మోసం బయటపడుతుంది.

నాలుగు గంటలకు డ్రోసెల్ తడి ఆరని కాగితాన్ని పట్టుకుని చాలాసేపు చూశాడు.

"సన్నంగా ఉంటుందన్నాడే గెర్విన్ స్నేహితుడు? ఇదేమో గుమ్మడికాయలా ఉంది!"

"గుంపు ఫొటోలో చివర నిలబడ్డవాళ్లు కాస్త వెడల్పుగా పడతారండి. లెన్సు గుణం అది."

"మీ ఫొటోగ్రాఫర్లు సన్నవాళ్లను లావు చేస్తారు, లావువాళ్లను సన్నం చేస్తారు" అని గొణుక్కుంటూ కాగితం మడత పడకుండా పట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాటికి ఆ ముఖం స్టూడియో ఎదుటి పురపాలక భవనం తలుపు మీద ఉంది. రొట్టెల దుకాణం ఆమె చూసి, "ఎవరో పైఊరి పిల్ల" అనేసింది. మధ్యాహ్నం లీస్బెత్ అటు వచ్చి ఆగింది. కిటికీలోంచి చూస్తున్న ఒటీలీకి, ఆ అమ్మాయి చెయ్యి నెమ్మదిగా తన మెడ దగ్గరికి వెళ్లడం కనిపించింది. లేసు కాలరు, ఆ ఫొటోలోదే! లీస్బెత్ సొంతంగా అల్లుకున్న కాలరు. ముఖమంతా మార్చింది గానీ దాని సంగతి ఒటీలీకి తోచనే లేదు. లీస్బెత్ కోటు బొత్తాలు పైదాకా పెట్టుకుని, స్టూడియో వైపు కన్నెత్తయినా చూడకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత తలుపు చప్పుడైన ప్రతిసారీ ఒటీలీ ముందు కిటికీలోంచి చూసి గానీ తీసేది కాదు. ఏప్రిల్‌లో అమెరికన్ టాంకులు వంతెన దాటి వచ్చేదాకా ఆ కాగితం అక్కడే ఉంది. కాలరును ఎవరూ గుర్తుపట్టలేదు.

వేసవిలో లీస్బెత్ సంతాపపు నల్లబట్టల్లో వచ్చింది. గెర్విన్ చెల్లెలి ఉత్తరం చేతిలో ఉంది. మార్చిలో అతన్ని ఇటుకల బట్టీలో పట్టుకుని కాల్చేశారట. తన వల్ల లీస్బెత్‌కు ముప్పు రాకూడదని ఈ ఊరి ఛాయలకే రాలేదట.

"నా కాపీ భయపడి అప్పుడే కాల్చేశాను. మేమిద్దరం కలిసి ఉన్న ఫొటో అదొక్కటే. ఇంకొకటి తీసివ్వండి."

ఒటీలీ ప్లేటు తెచ్చింది. పెన్సిలు గీతలు టర్పెంటైను నూనెతో తుడిస్తే పోయాయి. గీకిన చోట్లు పోలేదు. "గీకింది తిరిగి రాదమ్మా. నన్ను క్షమించు."

"క్షమించేదేముంది? బతికున్నాను కదా." లీస్బెత్ కాసేపు ఏడ్చింది. "అలాగే ఇవ్వండి. ఆయన ముఖమైనా ఆయనదేగా."

ఆ ప్రతిని ఇచ్చి ఒటీలీ ఊరుకోలేకపోయింది. ఆ ఫొటో పాత ప్రతి ఉంటే పంపమని మిగతా సైనికుల ఇళ్లకు ఉత్తరాలు రాసింది. కొన్ని ఇళ్లు కూలిపోయాయి, కొన్ని ఉత్తరాలు తిరిగొచ్చాయి. ఆమె మళ్లీ రాసింది. 1949లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఆ తల్లి నుంచి కవరు వచ్చింది. "మా వాడు రష్యా ఖైదు నుంచి తిరిగొచ్చాడు. ఫొటో చూసుకుని తిరిగి పంపించండి" అని రాసింది. లోపలి ఫొటో మధ్యలో మడత పడి చిట్లింది. చివర ఉన్న గెర్విన్, లీస్బెత్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఒటీలీ కోటు వేసుకుని, ఆ ఫొటో తీసుకుని, ఈసారి ఎక్కడా ఆగకుండా, రెండు వీధులు దాటి దర్జీ దుకాణానికి నడిచింది.