గట్టు దిగని ఇద్దరం

మా పొలానికి తారు రోడ్డు మీద కూడా వెళ్ళవచ్చు. కానీ ముక్త్యాల సిమెంటు లారీల దుమ్ము తింటూ ఎవరు వెళ్తారు? అందుకే ఆడవాళ్ళమంతా వరిమళ్ళ మధ్య గట్టు మీది కాలిబాటనే నడుస్తాం. అది ఒక్క మనిషికే సరిపోతుంది. ఇద్దరు ఎదురైతే నెత్తిన బరువున్నవాళ్ళు సాగిపోతారు, ఉత్తచేతులతో వచ్చినవాళ్ళు మడిలోకి దిగి దారి ఇస్తారు. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరం పాటిస్తాం.

మా తోడికోడలు నాకన్నా చిన్నది. మా ఆడపడుచు ఇంట్లో ఫంక్షన్ రోజున నేను పెట్టిన పప్పుచారులో ఉప్పు లేదని పదిమందిలో అనేసింది. ఉప్పు లేని మాట నిజమే. అయినా అనొచ్చా? ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు. రోడ్డు మీదైతే మొహం తిప్పుకుని పోవచ్చు. గట్టు మీద ఆ సౌకర్యం లేదు, ఎవరో ఒకరు దిగాలి.

పొద్దున నేను పొలానికి వెళ్ళే వేళకి ఆమె గడ్డిమోపుతో తిరిగొస్తూ ఉంటుంది. ఉత్తచేతులతో వెళ్తే దిగాల్సింది నేనే. ఆమె కోసం బురదలో కాలు పెట్టడమా? అందుకని దొడ్లో ఉన్న గడ్డిమోపునే నెత్తిన పెట్టుకుని పొలానికి వెళ్ళి, మధ్యాహ్నం మళ్ళీ దాన్నే తెచ్చేదాన్ని. గేదె ఇంట్లో ఉంటే గడ్డి పొలానికెందుకని మావారు అడిగారు. నా ఇష్టం అన్నాను.

ఇద్దరికీ బరువుంటే పక్కకి తిరిగి, మోపులు రాసుకుంటూ దాటాలి. అలా నెలల తరబడి, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా, ఒక్క మాట లేకుండా దాటుకున్నాం. నిజం చెప్పాలంటే ఆమె కబుర్లు లేక నాకు పిచ్చెక్కినట్టు ఉండేది. మావారికి ఏం చెప్పినా ఊ కొడతారు గానీ వినరు.

ఒకరోజు ఆమె మోపు లేకుండా, మోకాలికి పట్టీతో, కుంటుకుంటూ ఎదురొచ్చింది. నందిగామ డాక్టరు బరువులు మోయవద్దన్నాడని అప్పటికే విన్నాను. నన్ను చూసి కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, దిగడానికి కాలు చాచింది. మోకాలు వంగలేదు. మళ్ళీ ప్రయత్నించింది.

నేను గెలిచినట్టే. కానీ చూసుకునేసరికి మోపుతో సహా మడిలో ఉన్నాను, చీలమండల దాకా బురద.

ఆమె వెళ్ళిపోలేదు. నా మోపులోంచి ఒక పరక లాగి నలిపింది. అది పొడి అయిపోయింది.

"అక్కా, ఇది ఎప్పటి గడ్డి?"

"పప్పుచారు నాటిది," అన్నాను.

మోపు మడిలోనే పడేశాను. ఆమె ముందు, నేను వెనక ఇంటికి నడిచాం. ఆ రోజు పొలానికి వెళ్ళలేదు.