నైరుతి మూల చూసినవా?

పోయిన బుధవారం పొద్దున నేను నెట్ సెంటర్ షట్టర్ ఎత్తుతుంటే పక్కషాపు టైలర్ అన్న వచ్చి, "సర్వేయర్ సార్ పోయిండట" అన్నాడు. నేను నమ్మలేదు. ఒక్కరు చెప్పిన మాటను కాగితం మీద పెట్టొద్దని నాకు నేర్పింది ఆ సారే. షట్టర్ సగంలోనే వదిలేసి వాళ్లింటికి ఫోన్ చేశాను. ఆయన కోడలు ఎత్తి, "నిద్రలనే పోయిండక్కా, జర రా" అని ఏడ్చింది. రెండు నోళ్లు చెప్పాయి కాబట్టి అప్పుడు నమ్మాను. నమ్మి, సగం ఎత్తిన షట్టర్ దించేశాను.

ఆయన భూముల సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. చర్చి దిక్కు గల్లీలో ఇల్లు. శంకరంపేట దాకా ఎక్కడ హద్దు పంచాయితీ వచ్చినా ఆయనను పిలుచుకుపోయేవారు. ఇప్పుడు ఆయన దయగలవారు, మంచివారు అని మొదలుపెడితే లేచి వచ్చి "ఎవలు చెప్పిన్రు నీకు?" అని అడుగుతారు. అందుకని ఉన్నమాట రాస్తున్నాను. ఆయనంత అనుమానపు మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి చూసేవారు. తన గడియారం చూసుకుని, పక్కవాడి గడియారంలో టైమ్ ఎంతో అడిగేవారు. మా నెట్ సెంటర్‌లో దరఖాస్తు టైపు చేయించుకుంటే, ప్రింటు తీశాక మొత్తం మళ్లీ నాతో పైకి చదివించేవారు.

"స్క్రీన్ మీద చూసిన్రు కదా సార్?"

"చూసిన. గా డబ్బల ఒకటుండి కాగితం మీద ఇంకొకటి రాదని ఏం గ్యారెంటీ?"

ఆయన పనిలోనూ అంతే. నలుదిక్కుల పొరుగు రైతులు వచ్చి నిలబడి సంతకాలు పెట్టందే ఆయన సర్వేయర్ సంతకం పెట్టేవారు కాదు. ఎల్దుర్తిలో ఒకసారి పొరుగాయన పెళ్లికి పోయాడని, వచ్చేదాకా మూడు రోజులు అక్కడే ఆగారట. "నేను కొలిస్తే అయిపాయెనా? పక్కోడు ఒప్పుకుంటెనే హద్దు" అనేవారు.

నేను అప్పుడు డిగ్రీ అయిపోయి నెట్ సెంటర్‌లో ఆపరేటర్‌ను. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. బంద్ లేని వారం ఉండేది కాదు. బంద్ అయితే షట్టర్ సగం దించుకుని లోపల నేను ఆట ఆడుకునేదాన్ని. తెలియనివాళ్ల కోసం చెబుతాను. అది ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడివాళ్లో వేలమంది ఒకేసారి ఆడే ఆట. ఒకరు వైద్యుడు, ఒకరు వీరుడు, ఒకరు దొంగ, ఇట్లా తలా ఒక వేషం ఎంచుకుని అందరూ ఒకే లోకంలో తిరుగుతారు. నాది మూలికలు ఏరే వైద్యురాలి వేషం. ఆ లోకం అందంగానే ఉండేది గానీ, కొత్తగా వచ్చినవాళ్లను పాతవాళ్లు నిలబడనిచ్చేవారు కాదు. చూసి చూసి, దీనికన్నా మంచి లోకం నేనే తయారుచేస్తానని పంతం పట్టుకుంది నాకు.

సరిగ్గా అప్పుడే ఆటగాళ్ల వెబ్‌సైట్ ఒకటి పోటీ పెట్టింది. మీరు కలగనే లోకం పటం గీసి పంపండి, నచ్చితే మా డిజైనర్లతో కలిసి పని చేయొచ్చు అన్నారు. పెద్ద చార్టు షీటు మీద నెల రోజులు గీశాను. నడుమ చెరువు, దాని పైన గుట్ట, రెండింటి చుట్టూ కోటలు, అడవి, కొత్తవాళ్లు దిగే మైదానం. శనివారం ఆఖరు. మంగళవారం దాన్ని బల్ల మీద పరిచి రంగులు దిద్దుతుంటే సర్వేయర్ సార్ వచ్చారు.

"గిది ఏ ఊరి నక్ష?"

"ఏ ఊరిది కాదు సార్. ఆట కోసం గీసిన."

"లేని ఊరికి గింత నక్షనా? ఎవలు గీయిస్తున్నరు నీతోని?"

మా ఊరి చుట్టూ వెంచర్లు మొదలైన కాలం అది. పొలం కనపడితే చాలు, రాళ్లు పాతి ప్లాట్లు అనేవారు. ఈయన నా పటాన్ని వెంచర్ లేఅవుట్ అనుకుంటున్నారని నాకు తట్టేసరికే ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చెవి మీది ఎర్ర పెన్సిల్ తీశారు.

"కొత్తగా అచ్చినోళ్లు గీడ దిగుతరంటివి. చుట్టుముట్టు కోటలే ఉండె. మరి చెరువు కాడికి ఎట్ల పోవాలె?"

"కొట్లాడి గెలుచుకోని పోవాలె సార్. ఆట అంటే గదే."

"గది ఆట గాదు పిల్లా, తాసిల్దార్ కచేరి" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వలేదు. "నక్ష బాట ఏది? నక్షల బాట ఉంటే దాన్ని దున్నెటందుకు ఎవనికి హక్కు లేదు. ముందల అచ్చినోడైనా సరే." తర్వాత వేలు నైరుతి మూలకు పోయింది. అక్కడ నేను ఏమీ తోచక 'ఖాళీ' అని రాసి పెట్టాను. "ఖాళీ జాగ అని ఏ ఊర్ల ఉండది. ఎవలదో అడగకుంట రాసినవన్నట్టు."

నేను టీ తేవడానికి పోయి వచ్చేసరికి సారూ లేరు, పటమూ లేదు.

వాళ్లింటికి ఉరికాను. కోడలు, "చెరువు చూసొస్త అని హవేలిఘనపూర్ దిక్కు బస్సెక్కిండు. ఏదో నక్ష పట్టుకపోయిండు" అంది. బుధవారం రాలేదు. గురువారం రాలేదు. ఆయన ఫోన్ ఇంట్లోనే మోగుతోంది. నా బుర్ర నిండా అనుమానాలే. ఏ వెంచర్ వాడికి చూపిస్తున్నాడో, ఇన్నేళ్లు నీతులు చెప్పి చివరికి నా కాగితం మీదనే పడ్డాడా అని తిట్టుకున్నాను. మళ్లీ గీద్దామని కూర్చుంటే చేయి రాలేదు. శనివారం దాటిపోయింది.

సోమవారం టీ హోటల్ ముందు కనపడ్డారు, చంకలో చుట్ట చుట్టిన చార్టు. నేను పదిమందిలో "దొంగ" అన్నాను. ఆ ఒక్క మాటే కాదు, నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆయన అంతా విని, చుట్ట నా చేతికిచ్చారు.

"గది ఘనపూర్ దిక్కు చెరువే బిడ్డా. నీళ్లు దుంకె మత్తడి ఎడమకున్నది, గుట్ట పైనున్నది. నీకు తెల్వకుంటనే అచ్చింది చేతికి. సుట్టూ తిరిగి కొలిచిన. రైతులను అడిగిన. ఇంటికి పోయి చూడు."

మా అమ్మ పుట్టింది ఆ దిక్కే. చిన్నప్పుడు ఆ చెరువు కట్ట మీద తిరిగినదాన్నే నేను. ఆ మాట నిజమని ఆ క్షణంలోనే నాకు తెలిసింది, తెలిసి ఇంకా మండింది. ఇంటికి పోయి, రబ్బరు బ్యాండు కూడా తీయకుండా చుట్టను సజ్జ మీదికి విసిరేశాను.

కోపం ఆరు నెలలకు చల్లారింది. ఆయన మళ్లీ దరఖాస్తులతో రావడం మొదలుపెట్టారు, నేను మళ్లీ పైకి చదవసాగాను. ఒకరోజు, "చూసినవా?" అన్నారు.

"చూసిన సార్. మస్తు చేసిన్రు."

"నైరుతి మూల చూసినవా?"

"చూసిన."

ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూశారు. "చూస్తే అడుగుతుంటివి" అన్నారు, అంతే. వాస్తు సంగతి ఏమో అనుకున్నాను, ఆదివారం చర్చికి పోయే మనిషికి వాస్తేమిటని నవ్వుకున్నాను కూడా. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న, నాదీ అదే అబద్ధం. ఇవాళ తీస్తా, రేపు తీస్తా అనుకునేదాన్ని. తీస్తే నేను పదిమందిలో అన్న మాట ఎదురొస్తుందని భయం. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అది భయమే.

ఏడాది గడిచాక ఆ చెరువు పక్కన వెంచర్ వాళ్లు నిజంగానే రంగురంగుల జెండాలు పాతారు. ఆయన కొలతలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ జెండాలు పీకించారు. ఆ దరఖాస్తు టైపు చేసింది నేనే. కొలతలు ఎక్కడివని ఆయనను అడగలేదు. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా పటాకులు కాలుస్తుంటే మిఠాయి తీసుకుపోయి ఇచ్చాను. కండ్లు తుడుచుకుంటూ తిని, "హద్దు ఎవలు కొలిచిన్రట?" అని అడిగారు. ఆ సంబరానికి ఇంకా ఏడాది కూడా నిండలేదు.

బుధవారం సాయంత్రం సమాధి మీద పిడికెడు మట్టి వేసి ఇంటికి వచ్చి, స్టూలు ఎక్కి సజ్జ మీది చుట్ట తీశాను. రబ్బరు బ్యాండు ముట్టుకోగానే తెగింది. మంచం మీద పరిచి నాలుగు మూలలా పుస్తకాలు పెట్టాను.

నా నీలి చెరువు నుంచి ఎర్రటి కాలువలు దిగువకు పోతున్నాయి. కొత్తవాళ్లు దిగే మైదానం నుంచి ఎర్ర గీత ఒకటి బయలుదేరి, నా కోటల గోడలు రెండుచోట్ల చీల్చుకుని, చెరువు దాకా పోయింది. దాని పక్కన 'నక్ష బాట' అని ఆయన గుండ్రటి చేతిరాత. మలుపు మలుపుకూ హద్దు రాయి గుర్తు. పోటీకి పంపాల్సిన పటం ఇదేనని చూడగానే అర్థమైంది.

అప్పుడు నైరుతి మూల చూశాను. 'ఖాళీ' అన్న నా మాటను నీటుగా కొట్టేసి, అక్కడ రెండు గుంటల భూమి, చిన్న ముక్క గీశారు. యజమాని అన్నచోట ఆయన పేరే ఉంది. లోకంలో దేన్నీ నమ్మని మనిషి, నేను కల్పించిన లోకంలో జాగ తీసుకున్నారు. దక్షిణాన కాలువ, పడమట అడవి, తూర్పున బాట. ఉత్తరాన ఇంకో రెండు గుంటలు, దాని మీద నా పేరు. కింద రెండు సంతకాల గీతలు. పొరుగువారి సంతకం అన్నచోట, ఇక్కడ పెట్టమని పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు.

చాలాసేపు ఏడ్చాను. తర్వాత పెన్ను తీసి ఆ గుర్తు పక్కన సంతకం పెట్టాను. దాని కింద సర్వేయర్ సంతకం గీత ఖాళీగా ఉంది.