సిమెంటు డాక్టరు

ఆ ఊళ్ళో జబ్బు చేస్తే మనుషులకు ఆసుపత్రి ఉంది, పశువులకు ఆసుపత్రి ఉంది, చెట్లకు మాత్రం అతనొక్కడే ఉన్నాడు. మునిసిపాలిటీలో చెట్ల పని చూసే మామూలు జీతగాడే. జనం పెట్టిన పేరు సిమెంటు డాక్టరు. వెక్కిరింతగా మొదలైన ఆ పేరు పోనుపోను మర్యాదగా మారింది. అలా పిలిస్తే అతను పొంగిపోయేవాడు. పొగడ్త కొందరి ఒంటికి పడదు, అతనికీ పడలేదు.

అతని వైద్యం ఏమిటంటే, చెట్టు మానుకు తొర్ర పడితే లోపల కుళ్ళిన చెక్కనంతా ఉలితో గోకి పారేసేవాడు. తారు పూసి, ఇనుప జాలీ బిగించి, అంచుల దాకా సిమెంటు కూరేవాడు. పైన తాపీతో నున్నగా తీసి, తడి ఆరకముందే మేకుతో బెరడు మీద ఉన్నట్టే గీతలు గీసి రంగు వేసేవాడు. దగ్గరికెళ్ళి తట్టి చూస్తే తప్ప తేడా తెలిసేది కాదు. కుర్రతనంలో తన మేస్త్రి దగ్గర నేర్చుకున్న పని అది. మేస్త్రి పోయి చాలా కాలమైంది, పని మాత్రం పొల్లుపోకుండా అలాగే సాగుతోంది.

అతని వైద్యాల్లోకెల్లా పెద్దది బస్టాండు ముందున్న నిద్రగన్నేరు. మనిషి నిలబడేంత తొర్రను పూడ్చాడు దానికి. ఆ చెట్టు కిందే అతని బావకు, అంటే అక్క మొగుడికి, సైకిళ్ళ రిపేరు దుకాణం. దుకాణమంటే గోడలూ తలుపులూ ఏమీ లేవు. ఒక పనిముట్ల పెట్టె, గాలి పంపు, పంచరు చూసే నీళ్ళ తొట్టి, పైన చెట్టు. ఫ్యాక్టరీ మూతపడి బావ రోడ్డున పడ్డప్పుడు, "ఇక్కడ కూర్చో బావా, నీడకు నీడ, బేరానికి బేరం" అని చోటు చూపించింది అతనే.

పోయినేడాది ఆఫీసుకు కొత్తగా ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, చదువుకున్న పిల్ల. చెట్టు చుట్టూ తిరిగింది, చిన్న కొయ్య సుత్తితో తట్టింది.

"సిమెంటు పెట్టడం అందరూ ఎప్పుడో మానేశారండీ. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. మధ్యలో సందు పడి నీళ్ళు దిగుతాయి. ఆ తడి ఆరదు. లోపలంతా కుళ్ళిపోతుంది."

"మీరు పుట్టకముందు పూడ్చానమ్మా దీన్ని. చూడండి, ఎంత పచ్చగా ఉందో."

"ఆకులు పచ్చగానే ఉంటాయండీ. ప్రాణం బెరడు కింద ఉంటుంది, బలం లోపలి చెక్కలో ఉంటుంది. చెట్టు మొదట్లో పుట్టగొడుగులు వస్తున్నాయేమో కనిపెట్టి చూడండి. వచ్చాయంటే ఇక దీన్ని ఉంచకూడదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడు అతను. ఆమె చెట్టు కొట్టేయాలని పైకి రాసింది. ఊరు భగ్గుమంది. ఆటోవాళ్ళు, కొట్లవాళ్ళు, పొద్దున్నే పేపరు చదువుకోవడానికి అక్కడికి చేరే ముసలాళ్ళు, అందరికంటే ముందు బావ, మూకుమ్మడిగా మునిసిపాలిటీ మీటింగుకు వెళ్ళారు. అక్కడ అతను మాట్లాడాడు. "పేషెంటు బాగానే ఉంది, డాక్టర్లకే తొందరగా ఉంది" అంటే హాలంతా గొల్లున నవ్వింది. ఇన్‌స్పెక్టరమ్మ తల వంచుకుంది. చెట్టుకు గొడ్డలి తగలకూడదని తీర్మానమైపోయింది. ఆ రోజు అరిచిన వాళ్ళలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. అదే కడుపు మండించే సంగతి.

ఇక్కడ ఇంకొకటి చెప్పాలి, చెప్పడానికి నోరు రావడం లేదు. మీటింగుకు ముందు వానలకు చెట్టు మొదట్లో పుట్టగొడుగులు వచ్చాయి, గోధుమరంగువి, గట్టివి, చిప్పల్లాంటివి. ఇన్‌స్పెక్టరమ్మ కంట పడకుండా అతను తెల్లారకముందే వచ్చి బూటుకాలితో తన్ని పడగొట్టి పైన మట్టి కప్పాడు. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ తన్నాడు. తడికి వచ్చాయిలే అనుకున్నాడట. అదే నమ్మినవాడు మట్టి కప్పడమెందుకు?

మీటింగు గెలిచిన మర్నాడు మధ్యాహ్నం, బావ భోజనానికి ఇంటికెళ్ళిన వేళ, అతను గునపం తెచ్చి సిమెంటు అంచున పొడిచి చూశాడు. తడి మట్టిలోకి దిగినట్టు దిగిపోయింది. బయటికి లాగితే మొనకు తడిసిన పొట్టు అంటుకుని ఉంది, పాచి కంపు కొట్టింది. అవతలి పక్క పొడిచాడు. అక్కడా అంతే. పైన పటారం, లోన లొటారం. బావ పనిముట్ల పెట్టె మీద అతను కూలబడ్డాడు.

అప్పుడే ఒక తాడు కట్టి జనాన్ని దూరం పెడితే సరిపోయేది. తాడు ఆఫీసులోనే ఉంది. కానీ నిన్నటి నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఇవాళ ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? రేపు పొద్దున్నే ఇన్‌స్పెక్టరమ్మకు చెప్పేస్తాననుకున్నాడు. ఇన్నేళ్ళు నిలబడ్డ చెట్టు ఒక్క పూటలో పడిపోతుందా అనుకున్నాడు.

బావకైనా చెబుదామని సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గోడకు ఆనించిన పాత సైకిలు రిమ్ములు, లోపల వంటిల్లు. బావ అతన్ని చూడగానే లేచి దండం పెట్టాడు.

"రండి డాక్టరుగారూ! ఏమేవ్, మీ తమ్ముడొచ్చాడు, కంచం పెట్టు. బామ్మర్ది ఉన్నంతకాలం నా దుకాణానికి ఢోకా లేదే!"

"ఊరుకో బావా."

"ఎందుకూరుకోవాలి? ఆ హాల్లో నీ మాటలకి నాకు ఛాతీ ఇంత అయింది."

అక్క వడ్డించింది. అతను తిన్నాడు. నోటిదాకా వచ్చిన మాట ముద్దతోపాటు లోపలికి పోయింది. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి, "రేపు కాస్త ఆలస్యంగా వెళ్ళు బావా" అన్నాడు.

"ఎందుకురా?"

"ఏం లేదు, ఊరికే."

మర్నాడు ఆఫీసు తలుపులు తీయగానే ఇన్‌స్పెక్టరమ్మ బల్ల ముందు నిలబడ్డాడు. ఆమె తలెత్తి "ఏమిటండీ?" అంది. అతను మోటారు రంపం గొలుసు అరిగిపోయిందని మొదలుపెట్టాడు. కొత్తది ఏ సైజు కావాలో చెబుతుండగా బస్టాండు వైపు నుంచి చప్పుడు వినిపించింది. గాలి లేదు, వాన లేదు. ఆకు కూడా కదలని పొద్దు. ఇద్దరూ పరుగెత్తారు.

మాను సిమెంటు దగ్గర రెండుగా విరిగి పడింది. సిమెంటు దిమ్మ మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, బెరడు గీతలతో సహా. బావ మాను కింద ఉన్నాడు. కొమ్మలు కోసి బయటికి తీసేసరికి చేసేదేమీ మిగల్లేదు.

ఇన్‌స్పెక్టరమ్మ అతన్ని ఒక్క మాట దెప్పలేదు. కొన్నాళ్ళకు మాత్రం అడిగింది. "ఆ రోజు మీరేదో చెప్పాలనే వచ్చారు కదండీ?"

"రంపం గొలుసు గురించేనమ్మా" అన్నాడు.

తర్వాత తాను పూడ్చిన చెట్లన్నీ అతనే వీధివీధీ తిప్పి చూపించాడు. ఆమె సన్నటి బర్మాతో తొలిచి చూసి, ఉంచకూడదన్నవాటిని అతనే దగ్గరుండి కోయించాడు. ఊరు మాత్రం అతని మీద జాలి పడింది. రాత బాగోలేకపోతే ఎవరేం చేస్తారన్నారు.

అక్క వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పుకుని ఏడ్చేది. "మా తమ్ముడు ముందురోజే అన్నాడమ్మా, ఆలస్యంగా వెళ్ళమని. ఈయన కూడా ఇంకో టీ పెట్టు, తాగి వెళ్తానన్నాడు. నేనే, పొద్దెక్కింది లేవండి అని తరిమాను. నా చేతులారా పంపాను." తిండి మానేసింది. చీపురుపుల్లలా అయిపోయింది. పొద్దున లేస్తే అదే మాట, పడుకోబోతే అదే మాట. అతను పక్కన కూర్చుని రోజూ వినేవాడు. తన పాపం అక్క మోస్తోందని తెలుసు. చెబితే ఆమె బరువు దిగుతుంది, తనకు అక్క మిగలదు. అదీ తెలుసు.

చివరికి ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పేశాడు. పుట్టగొడుగులు, గునపం, అన్నీ. "నీ తప్పేం లేదక్కా. ఆ చెట్టు పడుతుందని నాకు ముందురోజే తెలుసు."

ఆమె అతని వైపు తిరిగింది.

"ముందురోజంటే, సాయంత్రం ఇక్కడికి వచ్చినప్పటికే తెలుసా?"

"తెలుసు."

"ఆయన పక్కనే కూర్చుని తిన్నావు కదరా" అంది ఆమె. "కూర బాగుందని మళ్ళీ అడిగి వేయించుకున్నావు."