తలుపు దగ్గర నిలబడ్డ ఫెర్మిన్

మంగళవారం పొద్దున ఏడు కాకముందే ఎవేలియో మూడు రికార్డింగులు చెరిపేశారు. సింగపూర్లో, పాసిర్ రిస్ హాకర్ సెంటర్ తిండి దుకాణాల మధ్య ఆయన ముందున్న కాఫీ చల్లారిపోయింది. పక్కన కూతురు శాలిని ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఎదురుగా బావమరిది కృష్ణయ్య పరాటా తింటున్నారు.

ఎవేలియోకు తొంభై ఒక్కేళ్ళు. పుట్టింది క్యూబాలో. కుర్రతనంలో బేస్‌బాల్ ఆడారు. భుజం పోయాక ఓడల ఇంజన్లు బాగుచేసే పని నేర్చుకుని 1971లో సింగపూర్ చేరారు. ఇక్కడ మూడు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళమ్మాయి అన్నపూర్ణమ్మను పెళ్ళాడారు. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఆమె నేర్పిన తెలుగు మాత్రం ఆయన దగ్గరుంది, తమిళం, మలయ్ కలగలిసి.

వారం కిందట మయామీ నుంచి ఒకమ్మాయి, పాత జట్టు జాబితాలో ఆయన పేరు చూసి వెతికి పట్టుకుని, ఉత్తరం రాసింది. 1955లో అమెరికా దక్షిణాదిలో ఒక చిన్న జట్టుకు ఆయనతో పాటు ఆడిన ఫెర్మిన్‌కు మనవరాలు. సీజన్ మధ్యలోనే తాతయ్య ఆట మానేసి ఇంటికొచ్చేశాడట. ఎందుకో చచ్చేదాకా చెప్పలేదట. మీకేమైనా తెలుసా అని అడిగి, తన ఫోన్ నంబరిచ్చింది. దానికి జవాబే ఆయన ఫోన్‌లో రికార్డు చేస్తున్నారు.

"జ్వరమొచ్చిందని చెప్పెయ్ బావా," అన్నారు కృష్ణయ్య. "యాభై ఏళ్ళ నుంచి మాకదేగా చెప్తున్నావ్. నమ్మలేదా మేం?"

"మామయ్యా, నువ్వు తిను లా," అంది శాలిని సింగపూర్ యాసలో.

"జ్వరం కాదు," అన్నారు ఎవేలియో.

ఇద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన అసలు సంగతి చెప్పుకొచ్చారు.

అప్పుడక్కడ నల్లవాళ్ళకు హోటల్లో తెల్లవాళ్ళ పక్కన తిండి పెట్టేవారు కాదు. ఎవేలియోది తెల్లటి ఒళ్ళు, ఫెర్మిన్‌ది నలుపు. ఇద్దరూ క్యూబావాళ్ళే. అందుకని ఒక ఉపాయం పట్టారు. హోటల్ గుమ్మంలో ఇద్దరూ గట్టిగా స్పానిష్‌లో మాట్లాడుకునేవారు. ఇతను తమ ఊరి నల్లవాడు కాదు, ఎక్కడో పరదేశం వాడనుకుని యజమాని ఒక మూల కూర్చోబెట్టేవాడు. రెండుసార్లకు ఒకసారి పారేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం జట్టులోని తెల్లవాళ్ళు మొదటిసారి ఎవేలియోను తమ బల్ల దగ్గరికి పిలిచారు. పై జట్టుకు ఎవరిని పంపాలో మేనేజర్ తేల్చే వారమది. ఫెర్మిన్ తలుపు దగ్గర నిలబడి, ఎప్పటిలాగే స్పానిష్‌లో, "ఏం తింటున్నావురా?" అని కేకేశాడు. హోటలంతా తిరిగి చూసింది.

"వీడు నీకు తెలుసా?" అన్నాడు యజమాని.

"నాకు తెలీదు," అన్నారు ఎవేలియో, వచ్చిన కాస్త ఇంగ్లీషులో. "ఇక్కడివాడే."

పోలీసులు వచ్చి ఫెర్మిన్‌ను తీసుకుపోయారు. బస్సు అతన్ని వదిలేసి కదిలింది. ఎవేలియో తన సీట్లోంచి లేవలేదు. పై జట్టుకు ఆయన్నే పంపారు. అక్కడ పదకొండు మ్యాచ్‌లాడాక భుజం పోయింది.

కృష్ణయ్య చెయ్యి పళ్ళెంలోనే ఉండిపోయింది. "అక్కకి తెలుసా?"

"లేదు. నీకు చెప్పిందే తనకీ చెప్పాను."

"మంచి పని చేశావ్. తెలిస్తే కూడు పెట్టేది కాదు." నవ్వించబోయి, తనే ఆగిపోయారు.

"ఆ పిల్లకి వాళ్ళ తాతంటే ఎంత ప్రాణమో మనకు తెలీదు పప్పా," అంది శాలిని. "నిన్ను తిడుతుంది. అయినా చెప్పు."

"తిట్టనీ. ఫెర్మిన్ తిట్టలేదు. ఎవరికీ నా పేరు చెప్పలేదు. అదే నాకు..." మాట పూర్తిచేయకుండా ఫోన్ దగ్గరికి లాక్కున్నారు.

నాలుగో రికార్డింగు స్పానిష్‌లో రెండు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. మొదటి మూడింటిలో ఫెర్మిన్ ఎంత బాగా బంతి విసిరేవాడో చెప్పారు. ఇందులో అదేమీ లేదు. హోటల్లో అడిగిందేమిటి, తానన్నదేమిటి, అంతే. శాలినికి స్పానిష్ అంతంతమాత్రం. పంపాలా అని అడిగితే ఆయన తలూపారు.

బుధవారమంతా జవాబు రాలేదు. గురువారం మధ్యాహ్నం ఒక్క వాక్యం వచ్చింది. క్షమించానని గాని, లేదని గాని అందులో లేదు. ఆ ఊరి పేరేమిటని అడిగింది, పోలీసు రికార్డులు వెతికించాలట. ఎవేలియో ఒక్కో అక్షరం చెబుతుంటే శాలిని టైప్ చేసింది.