ఉప్పునీళ్లు తాగిన లాప్‌టాప్‌తో అబర్డీన్ బజార్‌కి

...అందుకే మామ్మ మాట విని దాన్ని ఎండలో పెట్టేశాను, ఎండుచేపల పక్కనే, అదే వల మీద. నిన్న అక్కడిదాకా రాసి ఆపాను. నిన్నటిది చదవనివాళ్లకి చెప్తున్నా: మా అన్నయ్య ఓడ మీద పని చేస్తాడు. ఇంట్లో వదిలెళ్లిన తన లాప్‌టాప్‌ని అడక్కుండా తీసుకుని నాన్న డింగీ పడవలో ఫ్రెండ్ ఇంటికి బయల్దేరాను. ఒక అల సరిగ్గా నా బ్యాగ్ మీదే పడింది. పై ఆఫీసర్ అవడానికి రాయాల్సిన పరీక్షకి అన్నయ్య రాసుకున్న నోట్స్ మొత్తం అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ఎంత ఎండబెట్టినా అది ఆన్ కాలేదు. ఈ సాయంత్రం అన్నయ్య వస్తున్నాడు.

స్కూల్లో స్పెషల్ క్లాస్ అని చెప్పి పొద్దున్నే బాంబూఫ్లాట్ జెట్టీకి వెళ్లాను. అవతలి ఒడ్డున ఉన్న చాథమ్‌కి ఫెర్రీ టికెట్ చిల్లర డబ్బులే, పావుగంటలో దింపేస్తారు. లాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నా. టికెట్ చింపే భయ్యా నా పక్కకొచ్చి ముక్కు ఎగబీల్చాడు. "క్యా బేటీ, స్కూల్ బ్యాగ్‌లో సూఖీ మచ్ఛీ? ఎండుచేపలు టీచర్‌కి లంచమా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా వీధివాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని తలెత్తలేదు నేను.

చాథమ్ నుంచి అబర్డీన్ బజార్‌కి సిటీ బస్సు దొరుకుతుంది. ముందు కొత్తవి అమ్మే పెద్ద షాపుకి వెళ్లాను. అన్నిట్లోకీ చవకది ముప్పై వేలు దాటింది. సరే, తర్వాత ర్యామ్ పెంచుకోవచ్చా అనడిగితే, "నహీ, అంతా బోర్డుకే అతికించేసి వస్తుంది. డిస్క్ కూడా మార్చలేం" అన్నాడు షాపతను. అంత డబ్బు పోసి కొని లోపల ఒక్క ముక్క కూడా మార్చుకోలేమా? తువ్వాలు మూట ఎత్తుకుని బయటికొచ్చేశాను.

బస్టాండ్ వెనక మెట్లెక్కితే పాత లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మే షాపుంది. నడిపేది ఒక దీదీ, మాలాగే వాళ్లదీ శ్రీకాకుళం వైపే. "ఏటమ్మా, ఏటైంది? ఆ తువ్వాల్లో ఏటి?" అంది. నేను చెప్పేలోపే స్క్రూలు తీసేసింది. వెనక మూత లేపింది. బోర్డంతా పచ్చగా చిలుం, మధ్యలో తెల్లగా ఉప్పు, ఫ్యాన్‌లో ఒక చేప పొలుసు.

"ఎక్కడెండబెట్టేవు దీన్ని?"

"చేపల పక్కన, దీదీ."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "పులుసు పెట్టుకుందామనా? ఉప్పు లోపలే ఉండిపోయింది కదే. వానాకాలంలో ఎండుచేప చెమ్మెక్కదా, అలాగే ఇదీ చెమ్మ లాగి బోర్డుని తినేసింది. వెంటనే బ్యాటరీ తీసి, మంచినీళ్లతో కడిగి తెచ్చుంటే బతికేదేమో."

"తడిసినదాన్ని మళ్లీ నీళ్లతో కడుగుతారా?"

"సముద్రం నుంచొచ్చాక మీ నాన్న డింగీ ఇంజన్ని ఏటి చేస్తాడు?"

మంచినీళ్లు పోసి కడుగుతాడు. రోజూ. ఆ నీళ్ల బకెట్ మోసుకెళ్లేది నేనే.

డిస్క్ మాత్రం విడిగా ఊడొచ్చింది. అలాంటి మోడలే పాతది, డిస్క్ లేకుండా, ఏడు వేలకి ఇచ్చింది. పిల్లలకి ట్యూషన్ చెప్పి నేను దాచుకున్న డబ్బులన్నీ అయిపోయాయి. నాలుగు జీబీ ర్యామ్ చాలా, ఎనిమిది వెయ్యమంటావా అనడిగి, నేను చెప్పినట్టే అదే డబ్బుకి ఎనిమిది వేసింది. తర్వాత అన్నయ్య డిస్క్ మీది ఉప్పు తుడిచి బిగించింది. కాసేపు నల్లగానే ఉంది. తర్వాత స్క్రీన్ మీద అన్నయ్య పేరొచ్చింది, కింద పాస్‌వర్డ్ అడిగింది. నాకు తెలీదు. "పేరైతే వచ్చింది. లోపల అన్నీ ఉన్నాయో లేవో పాస్‌వర్డ్ తెలిసినోళ్లే చెప్పాలి" అంది దీదీ.

మధ్యాహ్నం ఫెర్రీకి తిరిగొచ్చేశాను. అప్పట్నుంచి గది తలుపేసుకుని కాగితం మీద రాస్తున్నా, ఫోన్‌లో నా బ్లాగ్‌కి తర్వాత ఎక్కిస్తా. పుట్టినప్పట్నుంచి సముద్రం పక్కనే ఉన్నాం, ఉప్పు ఏం చేస్తుందో మాకు తెలుసనుకున్నాం. మాకు తెలిసింది చేప గురించే. ఈ లాప్‌టాప్ మూల చిన్న పగులుంది, అన్నయ్య చూడగానే ఇది తనది కాదని పట్టేస్తాడు. తిడితే తిట్టనీ. ముందు పాస్‌వర్డ్ కొడితే చాలు.

మీరు కొనడానికి వెళ్తే, డబ్బు ఇచ్చేముందు వెనక మూత తీయించండి. ర్యామ్, డిస్క్ విడిగా ఊడొస్తాయో లేదో మీ కళ్లతో చూశాకే

తలుపు కొడుతున్నారు. అన్నయ్య గొంతే. "ఏయ్, నా లాప్‌టాప్ ఏదే?" అంటున్నాడు. ఈ కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నా. లాప్‌టాప్‌ని మాత్రం చేత్తో పట్టుకునే తలుపు తీస్తా.