లేసు ముక్కల గోడ

లాక్‌డౌన్‌లో మా ఆయన పనిచేసే మగ్గాలు ఆగిపోయాక, బతకడానికొచ్చిన గుజరాత్‌లో, డిండోలిలోని మా ఒక్క గదిలో నేనూ మా ఆయనా మా అమ్మాయీ రోజంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. ఆ గదిలో చూడదగ్గది ఒక్కటే, నా గోడ. నేను ఇంట్లోనే చీరలకు లేసు కుట్టి రాళ్లు అతికించేదాన్ని. మిగిలిన ముక్కలన్నీ ఏళ్ల తరబడి ఆ గోడకెక్కాయి. పసుపు రంగు మీద ఎరుపు, నెమలి నీలం, జరీ, మధ్యలో గుండ్రటి అద్దాలు, పైన గుజరాతీ తోరణం. ఇంటికొచ్చినవాళ్లు ముందు గోడను చూసి ఆ తర్వాత నన్ను పలకరించేవాళ్లు. నాకది గర్వంగా ఉండేది.

మా అమ్మాయి ఇంటీరియర్ డిజైన్ చదువుతోంది. క్లాసులు ఫోన్లోకి వచ్చేసరికి ఆ గోడ ముందే కూర్చోవాల్సి వచ్చింది.

"గిదేందే అమ్మా, సర్కస్ డేరా లెక్క! మోడర్న్ అంటే ప్లెయిన్ ఉండాలె. నా ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ మనిషికుంటది గని గోడకుంటదానే?" అన్నాను.

నా మాట ఎవరు విన్నారు? దుకాణాలు తెరవగానే వాళ్ల నాన్న తెల్ల రంగు డబ్బా తెచ్చాడు. ఆయన లేసు పీకుతుంటే గోడ పెచ్చులూ ఊడొచ్చాయి. పీకకముందు మా అమ్మాయి ఫోటోలు తీసుకుంది, స్నేహితురాళ్లకు చూపించి నవ్వుకోవడానికట. నా ఎదుటే నవ్వింది. ఆ రోజు ఏడ్చాను. అసలే రోగాల కాలం, తెల్లగోడ పక్కన పడుకుంటే దవాఖానలో ఉన్నట్టే ఉండేది.

కొన్నాళ్లకు వాళ్ల మేడం క్లాసులో ఎవరిదో పెద్ద బంగళా చూపించింది. చెక్కడాల ఊయల, పది రంగులు, గోడలకు పాత బట్టలు. ఇదీ మోడర్నేనట. ఎన్ని వస్తువులున్నా ఒక రంగు అన్నిటినీ కలిపి పట్టుకుంటే గది పాతబడినట్టు కనిపించదట. రొట్టెలు చేస్తూ అంతా విన్నాను. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! అలాంటి గది మీరూ ఒకటి వెతికి చూపించండి అంది మేడం. మా అమ్మాయి నవ్వుకోవడానికి దాచిన ఫోటోలే బయటికి తీసింది.

క్లాసులో అవి చూపించే రోజు మమ్మల్ని కదలొద్దంది. కూత వస్తుందని పొయ్యి మీది కుక్కర్ కూడా దించేశాను. ఫోటో చూసి మేడం తెగ మురిసిపోయింది. ఈ ఇల్లు ఎవరిదని హిందీలో అడిగింది.

నా బిడ్డ ఒక్కసారి నా వైపు చూసి మళ్లీ ఫోన్ వైపు తిరిగింది.

"హమారీ కామ్‌వాలీ కా ఘర్ హై, మేడం."

మా ఇంటి పనిమనిషి ఇల్లట! ఒక్క గదిలో బతికే మాకు పనిమనిషి. వాళ్ల నాన్న తల దించుకున్నాడు. మైకులో వినపడుతుందని నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆమెకు మంచి చూపు ఉంది, నేను మెచ్చుకున్నానని చెప్పు అంది మేడం. క్లాసు అయిపోగానే నా బిడ్డ గంతులేస్తూ వచ్చింది.

"ఇన్నవా అమ్మా? మేడం నిన్ను ఎంత మెచ్చుకుందో!"

"నాకెందుకు చెప్తున్నవ్? పోయి నీ కామ్‌వాలీకి చెప్పు. ఇయ్యాల్టి సంది నీకు బువ్వ గూడ ఆమెనే పెడ్తది."

కుక్కర్ మళ్లీ పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడికాక నాకొక్కదానికే కంచం పెట్టుకుని, వాళ్లిద్దరూ చూస్తుండగానే తిన్నాను.